తాళం వేసి వెళ్ళమన్న మనిషి

మానసిక వైద్యశాల వరండాలో, డాక్టరు గది బయట బెంచీ మీద ఆమె కూర్చుంది. భర్త లోపల ఉన్నాడు. అతని అన్న మాత్రం కూర్చోమన్నా కూర్చోకుండా ఎదురుగా నిలబడ్డాడు.

"మా ఇంట్లో ఎవరికీ పిచ్చి లేదమ్మా. వాణ్ణి తెచ్చి ఇక్కడ పడేశావు."

"పిచ్చని ఎవరన్నారు బావగారూ? జూదం మానలేకపోవడం కూడా ఒక జబ్బేనని డాక్టరమ్మ చెప్పారు."

"ఒళ్ళు కొవ్వెక్కి ఆడుతుంటే దానికి జబ్బని పేరా? నాలుగు తగిలిస్తే వాడే దారికొస్తాడు."

"తగిలించారుగా. పిల్లల మీద ఒట్టు కూడా వేయించారు. మానారా?"

"నువ్వు గట్టిగా ఉంటే మానేవాడు."

ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"మొన్న ఫోన్ నా చేతికిచ్చి, బయట తాళం వేసి వెళ్ళమని ఆయనే బతిమాలారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కిటికీ అద్దం బద్దలై ఉంది. చెయ్యి తెగి రక్తం కారుతున్నా, పక్కింటాయన ఫోన్ అడుక్కుని మెట్ల మీద కూర్చుని అందులో పేకాడుతున్నారు. సరదాకి ఆడే మనిషి అలా ఆడతాడా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మళ్ళీ కొట్టేవారు. మీకు ఆయాసం వచ్చినప్పుడు మీ తమ్ముడు వీపు మీద మోసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. ఊపిరి తీసుకోవడానికి బుద్ధి లేదా అని మిమ్మల్ని తిట్టలేదు."

తలుపు అవతల తమ్ముడు వెక్కి వెక్కి ఏడవడం ఇద్దరికీ వినిపించింది.

"నేనూ లోపలికి రావచ్చా అమ్మా?"

"రండి. అక్కడ మాత్రం ఆయనకు బుద్ధులు చెప్పకండి," అంటూ ఆమె లేచి తలుపు తట్టింది.