చారల చొక్కా

అమెరికాలోని విస్కాన్సిన్‌లో మా ఫుట్‌బాల్ జట్టు ఓడిన సాయంత్రం, స్టేడియం బయట పొయ్యి మీద సాసేజిలు కాలుస్తున్న ముసలాయన దగ్గరికి ముక్కూమొహం తెలియని కుర్రాడొకడు విసవిసా వచ్చాడు.

"మన హోల్ట్‌మన్ బంతిని రెండు చేతులా పట్టాడు, గీత లోపలే పడ్డాడు. టచ్‌డౌన్ కాదు, పాయింట్లు లేవంటే ఎలా పెద్దాయనా?"

"నేలకి తగిలి బంతి జారింది కదయ్యా. పడ్డాక కూడా చేతిలో నిలిస్తేనే పట్టినట్టు. రూలది."

"దిక్కుమాలిన రూలు. మీరసలు మన జట్టు మనిషేనా?"

"నలభై ఏళ్లుగా ఈ పచ్చచొక్కాలోనే వస్తున్నా."

"మరి ఆ చారల చొక్కా రిఫరీ పిల్లని వెనకేసుకొస్తారేం?"

"ఆ చొక్కా ఇస్త్రీ చేసి పంపింది నేనే. తను మా చిన్నమ్మాయి. చిన్నప్పుడు మన జట్టు జెండా కప్పుకుని నిద్రపోయిన పిల్ల. బంతి పట్టలేదని చెయ్యి ఊపేటప్పుడు కాస్తయినా తడబడిందేమో చెప్పు."