ఈరప్ప బండికి ఏసిన పైపు

అట్ల కాదప్పా పుల్లన్నా, నాలుగు దినాలుగా గోడకు ఆనుకొని కూసుంటే ఆ గోడన్నా ఒక మాట మాట్లాడుతుంది, నువ్వు మాట్లాడవేం? నీ పెండ్లాం భద్రమ్మ వాకిట్లోనే నన్ను పట్టుకొనింది. "సాబూ, నీ మాటకన్నా పలుకుతాడేమో చూడు" అనింది. ఇంతదూరం ఎండలో నడిచి వచ్చినా. తల గూడా ఎత్తల్యా నువ్వు.

రేపు స్టేషన్‌కు పోతావంట గదా? "నేను రోడ్డు మీద పరిచిన ఉలవ కట్టె వల్లనే ఈరప్ప బండి కాలిపాయ, ఈరప్ప సచ్చిపాయ" అని కాగితం మీద సంతకం పెడతావంట. ఎవురు పెట్టమన్నారు? చెప్పు. ఎవురూ బలవంతం చేయలేదా? నీ అంతకు నువ్వే పోతాండావా? శభాష్! చేతులకు రెండిటికీ గుడ్డలు చుట్టుకొని, పెన్ను యాడ పట్టుకుంటావప్పా?

కట్టె పరిచింది నువ్వొక్కడివేనా? బత్తలపల్లె నుంచి ధర్మవరం దాకా ఉలవలు పీకినోడల్లా తార్రోడ్డు మీదనే గదా పరిచేది! కళ్లాలు యాడుండాయి? ఎద్దులు యాడుండాయి? వచ్చేపోయే బండ్లే మనకు ఎద్దులు. టైరు తొక్కితే గింజ రాలుతుంది, ఊడ్చుకొని పోతాం. మీ నాయన చేసినాడు, నువ్వు చేసినావు.

ఒక్కటి అడుగుతా. ఆ పొద్దున నీ కట్టె మీద ఎన్ని బండ్లు పోయినాయి? రెండు బస్సులు పోయినాయా? టమేటా లారీలు పోయినాయా? ఆటోలు? ఒక్కదానికన్నా పొగ వచ్చిందా? మరి ఈరప్ప బండికే ఏంటికి అంటుకునింది?

ఆ మాట ఊర్లో ఎవురూ అడగల్యా. నేను అడుగుతాండా. ఏంటికంటే జవాబు నాకు తెల్సు.

నేనెవురు? కరీం సాబ్‌ను! కళ్లు మూసుకొని డీజిల్ ఇంజను చప్పుడు వింటే, దాని ఓనరు పొద్దున ఏం తిన్నాడో చెప్పేవాణ్ణి. పెనుకొండ మిట్ట కాడ బ్రేకులు పోయి దొర్లుతాండే లారీని భుజం ఆనించి ఆపినోణ్ణి. ఏం, అట్ల చూస్తాండావు? సరే, భుజం కాదు. టైరు కింద రాయి ఏసినా. సరేలే, రాయి గూడా ఆ డ్రైవరే ఏసినాడు. నేను అరిసినా. అరిసింది మాత్రం నేనే.

పోయిన నెల ఈరప్ప వచ్చినాడు నా రిపేరు షెడ్డుకు. నీకు తెల్సు గదా, మడకశిర సంతలో గొర్రెలు కొని బండిలో ఏసుకొని ఈ పక్కకు వచ్చేవాడు. "సాబూ, బండి మిట్ట ఎక్కేటప్పుడు ఊపిరాడక సస్తాండాది" అన్నాడు. బెంగళూరు నుంచి పైపు తెప్పించుకొని చంకలో పెట్టుకొచ్చినాడు. ఇంజనులో టర్బో కాడి నుంచి పొగ కిందికి దిగే పైపు. కంపెనీది సన్నం. ఇది నా ముంజేయంత లావు, అద్దం మాదిరి మెరుస్తాండె.

నలుగురు చేరినారు. ఎదురు టీకొట్టు ఓబుళేసు "ఇది దినమంతా పట్టే పని సాబూ, నీ వయసుకు రెండు దినాలు" అన్నాడు. నేను ఊరుకుంటానా? "నీ మధ్యాన్నం పాలు పొంగే లోపల బిగిస్తా చూడు" అన్నా. ఇట్లాంటివి నూరు ఏసింటా అన్నా. నూరు కాదులే. పది. పది గూడా కాదు పుల్లన్నా, అంత లావు పైపు నేను ఏసింది అదే మొదటిది.

టర్బో కాడ నాలుగు బోల్టులు తుప్పు పట్టి కరుచుకోని ఉండె. గ్యాసు మంట పెట్టి ఎర్రగా కాల్చి, స్పానరుకు గొట్టం తొడిగి లాగితే మూడు వచ్చినాయి. నాలుగోది తెగింది. దాన్ని డ్రిల్లు పెట్టి తీసి, కొత్తగా మర కొట్టినా. ఆ పని బాగా చేసినా. ఇది గొప్ప కాదు. నిజంగా బాగా చేసినా.

అంతా అయినాక చూస్తే పైపు కూసోలేదు. కింద కంపెనీవాడు ఒక రేకు పెట్టింటాడు, పైపు వేడి బయట దేనికీ తగలకుండా. లావు పైపు గదా, ఆ రేకుకు తగుల్తాండాది. ఏం చెయ్యాల? పైపును వంపు కాడ కోసి, లోపలికి తిప్పి, మళ్లీ వెల్డింగు పెట్టాల. ఒక పూట పని. అంతే, ఒక్క పూట!

ఓబుళేసు పాల గిన్నెలో గంటె తిప్పుతా నా పక్కే చూసి నవ్వుతాండాడు.

రేకు పీకేసినా. పైపు నాలుగు వేళ్ల మందం కిందికి వేలాడుతాంటే రెండు కొక్కేలు ఏసి బిగించేసినా. "అయిపాయ!" అన్నా. అందరూ చప్పట్లు కొట్టినారు. పాలు ఇంగా పొంగలేదు.

ఈరప్ప వంగి కిందికి చూసినాడు. వానికి అనుమానం వచ్చింది. "సాబూ, ఉలవలు పీకే కాలం. రోడ్డు మీద కట్టె ఉంటుంది. చుట్టుకుంటుందేమో" అన్నాడు. అడిగినాడు పుల్లన్నా, నోరు తెరిచి అడిగినాడు. నేనేమన్నానో తెల్సునా? "కరీం సాబ్ చెయ్యి పడినాక అగ్గి గూడా సలాం కొట్టి పక్కకు పోతుంది, పో నాయనా" అన్నా.

నవ్వుకుంటా పోయినాడు.

తర్వాతది నాకంటే నీకే బాగా తెల్సు. వేలాడే ఆ కాగిన పైపుకు నీ కట్టె చుట్టుకొని అంటుకునింది. నువ్వు ఉత్త చేతుల్తో బండి కింది కట్టె లాగినావంట. వాడు దిగి బయటపడినోడే, వెనక గొర్రెలు అరుస్తాంటే తలుపు తీయనీకి మళ్లీ పోయినాడంట. రెండు దినాలు అనంతపురం ఆస్పత్రిలో ఉండి పోయినాడు. వానికి మట్టి ఏసేదానికి నేనూ పోయినా. వాని పెండ్లాం చంద్రిక నన్ను చూసి "సాబూ, కూసో" అని చాప ఏసింది. కూసున్నా. ఏడుపు రాలేదు నాకు. ఏమీ రాలేదు. చాప మీద అల్లిన పూలు లెక్కపెట్టుకుంటా కూసున్నా.

నిన్న స్టేషన్‌కు పోయినా. ఔ, నేనే పోయినా. రేకు పీకింది నేను, పుల్లన్న తప్పు లేదు, నన్ను రాసుకోండి అని చెప్పినా. ఎస్సై సారు కుర్చీ ఏయించినాడు. అంతా విన్నాడు. విని నవ్వినాడప్పా! "సావాసగాణ్ణి కాపాడనీకి బలే కథ అల్లినావు సాబూ" అన్నాడు. కానిస్టేబులు గూడా నవ్వినాడు. ఆ రేకు ఏది, చూపించు అన్నారు. యాడ చూపిస్తా? పాత ఇనుముల బండోడికి ఏసేసినా. బండి చూస్తే మాడి ముద్దయి ఉండాది, దాంట్లో యా పైపు ఎట్ల వేలాడిందో ఎవురు చెప్తారు?

అరవై ఏండ్లు చెప్పిన అబద్ధాలన్నిటికీ ఊరు నమ్మినట్ల తలూపింది. నమ్మినారనుకుంటి.

అందుకే నీకాడికి వచ్చినా. నువ్వు నమ్ము చాలు. నీ కట్టె కాదు పుల్లన్నా, నా చెయ్యి. ఇట్ల చూడు నా మొగం పక్క.

ఏం? ఏమప్పా, ఏంటికి తల అట్ల తిప్పుతావు?

నవ్వుతాండావా?

నువ్వు గూడానా! నాలుగు దినాలకు నీ పెదవి కదిలింది ఇందుకా? నీ కోసరం అల్లుకొచ్చినా అనుకుంటాండావు గదా. కసమ్ తిన్నా, ఒట్టు పెట్టినా నమ్మవు. పోనీలే, చెప్పను ఇంగ.

సరే. రేపు నేనూ వస్తా. నువ్వు నీ కాగితం మీద సంతకం పెట్టు, నేను నా కాగితం మీద పెడతా. వాళ్లు ఏది ఉంచుకుంటారో ఉంచుకోనీ. నాది చింపేస్తారు. తెల్సు నాకు.