చెరిగిపోయిన డిస్కు గురించి రికార్డు గది గుమాస్తా చెప్పినది

నా పేరు, చిరునామా పై కాగితంలో రాయించాను. వయసు యాభై మూడు. కోర్టు రికార్డు గదిలో గుమాస్తాను.

మార్చి మూడున ఫ్యాక్టరీలో బాయిలరు పేలి వాచ్‌మన్ ఒళ్లంతా కాలింది. ఆరున ఆసుపత్రిలో మేజిస్ట్రేటుగారు ఆయన మాటలు వీడియో తీయించారు. "పగులుందని యజమానికి నెల కిందటే చెప్పానండీ" అన్నాడాయన. దాన్ని డిస్కులోకి ఎక్కించింది నేనే. సాక్ష్యానికి ఒక్కసారే రాయగలిగే డిస్కు వాడాలి. ఆ రోజు అవి అయిపోయాయి. చెరిపి మళ్లీ రాసుకునే పాతిక జీబీల డిస్కు వాడాను. తర్వాత మార్చుదాంలే అనుకున్నాను. మార్చలేదు. కెమెరా కార్డు ఖాళీ చేసి తిరిగి ఇచ్చేశాం. తొమ్మిదిన వాచ్‌మన్ చనిపోయాడు.

జూన్ పన్నెండు, ఉదయం పదిన్నర. ముందు రోజే నా పాతికేళ్ల సర్వీసుకు ఆఫీసులో అభినందన సభ జరిగింది. ఆ సభ వీడియో మా బావమరిదికి ఇద్దామని బీరువా తీసి చేతికందిన డిస్కు కంప్యూటరులో పెట్టాను. ఇందులో డేటా ఉంది, చెరపాలా అని అడిగింది. ఫోనులో మాట్లాడి నవ్వుతూ అవునని నొక్కాను. కవరు మీది కేసు నంబరు పదకొండింటికి చూశాను. వాచ్‌మన్ మాట్లాడినచోట ఇప్పుడు నన్ను పొగుడుతున్నారు. కింది అరలో ఖాళీ డిస్కులు బోలెడున్నాయి. ఒకటి తీసి ఆ కవరులో పెట్టాను.

ఇరవయ్యో తేదీన కోర్టులో డిస్కు వేస్తే ఏమీ రాలేదు. అసలు డిస్కు తీసేసిందని గది ఊడ్చే ఆవిణ్ణి అనుమానించారు. ఆమెను మేమంతా అక్క అంటాం.

"ఆ బీరువా జోలికే పోను సారూ. కావాలంటే మా తమ్ముణ్ణి అడగండి" అని నన్ను చూపించింది.

నన్ను అడిగారు. "నాకేం తెలియదండీ" అన్నాను.

ఆమెను పనిలోంచి ఆపేశారు. పన్నెండు రోజులు నేను నోరు మెదపలేదు. గది నేనే ఊడ్చుకున్నాను. పన్నెండు రోజులూ నేనే ఊడ్చుకున్నాను.

నిన్న సాయంత్రం ఆరింటికి ఆమె ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. ఆమె గిన్నెలు తోముతోంది. తోమడం ఆపలేదు.

"నా సంచి బోర్లించి దులిపినప్పుడు నువ్వు పక్కనే నిలబడి టీ తాగుతున్నావు తమ్ముడూ. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగావు" అంది.

నిజమే. ఆమె చెప్పేదాకా ఆ సంగతి నాకు గుర్తే లేదు. అది కూడా రాయండి.

ఎవరూ బెదిరించలేదు, ఎవరూ చెప్పించలేదు. చదివి వినిపించారు. మార్చాల్సిన మాట లేదు. ఇదంతా నేను చేసిందే.

(సంతకం)