జెండా తాడు చప్పుడు

హలో… ఆ, నేనే. మీ మామ హాలిస్‌నే. ఇంకెవరెత్తుతారయ్యా ఈ ఇంట్లో? కాలికి సిమెంటు కట్టు వేయించుకుని కిటికీ దగ్గర కూలబడ్డవాణ్ని నేనొక్కణ్నే కదా.

చెప్పు, టోబిన్. చేరారా?…

ఎక్కడికి?

… మళ్ళీ చెప్పు.

సిల్వర్ ఇయర్ సరస్సుకా! నేను చెప్పిందేమిటి, నువ్వు వెళ్ళిందెక్కడికి? నిన్న భోజనాల దగ్గర నా నోటుబుక్కు తీసి గంటసేపు చదివి వినిపించానే! బోర్డు మీద తెడ్డేయడం నేర్చుకునేవాళ్ళకి టూ మైల్ రిజర్వాయర్ అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశానే! ఓ తెగ తల ఊపావు. మా కుక్క తోక కూడా అంత బాగా ఊగదు…

ఏంటీ? ఫోన్లో చూశావా?… "పది అందమైన కొండ సరస్సులు"… అందులో నంబర్ వన్నా!

ఫోటో బాగుందా… బావుంటుంది, ఎందుకు బాగుండదు? ఫోటోలో గాలి కనబడదు. ఫోటోలో నీళ్ళకి చలి ఉండదు.

కాదయ్యా అల్లుడూ, సరస్సుని ఎంచుకోవడమంటే పెళ్ళిచూపులా, బొమ్మ చూసి తల ఊపడానికి? ముందు ఏ నెలో చూడాలి. డటన్ రిజర్వాయరుంది, జూన్‌లో సముద్రమే. ఎంత స్పీడుబోటైనా తిప్పుకో. ఆగస్టులో కింద పొలాలకి నీళ్ళు వదిలాక పో, పడవలు దించే రేవు గాల్లో వేలాడుతుంటుంది. పోయిన ఆగస్టులో అక్కడ నేను పట్టిన చేపకి ఒళ్ళంతా దుమ్ము. దులిపి తెచ్చాను…

నమ్మకపోతే మానెయ్. మీ అత్తనడుగు, చీపురు తెచ్చిందే తను.

టూ మైల్‌కి మూడు వైపులా కొండ అడ్డం. నీళ్ళు నడుము లోతు. డెబ్బయ్యో పుట్టినరోజుకి నిలబడి తెడ్డేసే బోర్డు కావాలని పట్టుబట్టిందే మీ అత్త మహాతల్లి, అక్కడైతే పదిసార్లు పడ్డా లేచి నవ్వుకుంటుంది. సిల్వర్ ఇయర్ పదివేల అడుగుల ఎత్తు. జులైలోనూ అవి కరిగిన మంచు నీళ్ళే. దాని ఎదురుగా నా నోటుబుక్కులో ఏం రాశానో గుర్తుందా?…

ఆ. "పొద్దున్న తొమ్మిదిలోపు. తర్వాత వద్దు." ఇప్పుడు టైమెంత?

పన్నెండున్నర!

… ఎండగా ఉందా. ఎండ గురించి ఎవడడిగాడు? సరే, బోర్డు ఇంకా దించలేదు కదా. ఫోన్ మీ అత్తకివ్వు.

… ఇవ్వలేవా? ఎందుకివ్వలేవు?

సరస్సు మధ్యలో ఉందా!

… లైఫ్ జాకెట్ వేసుకుందా?… హమ్మయ్య. ఆ మాత్రం బుర్రయినా దేవుడు నీకిచ్చాడు.

లేదు, ఊరుకోను! యాభై ఏళ్ళ కిందట ఒక వెర్రిబాగులవాడు పోస్టుకార్డు మీద బొమ్మ చూసి, ఇలాగే మిట్టమధ్యాహ్నం ఆ సరస్సులో పడవ దించాడు. గాలి లేచింది. ఎలా లేచిందనుకున్నావ్? పడవని పీకి దేవదారు చెట్టు మీద పెట్టింది. నిచ్చెన తెచ్చి దింపేసరికి అందులో రెండు ఉడతలు కాపురం పెట్టేశాయి…

నవ్వకు. నేను ఇక్కడ… ఆగు.

ఆ చప్పుడేంటి?

… గిన్నెల చప్పుడు కాదు. టింగు టింగుమని. రేవు దగ్గర ఇనుప జెండా కర్ర ఉంటుంది, చూడు. తాడు దానికి కొట్టుకుంటోందా?… జెండా ఎటు ఎగురుతోంది?…

తూర్పుకి. అంటే గాలి లేచింది.

టోబిన్, ఇంక వేళాకోళాల్లేవు. చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ట్రక్కెక్కు. హారన్ మూడుసార్లు కొట్టు, పొడుగ్గా… జనం చూస్తే చూడనీ! ఆ సరస్సు దగ్గర తాడు మోగితే ఎవరో ఒకరు హారన్ కొట్టాలి. మీ అత్తకి తెలుసు. కొట్టు!

… పొడుగ్గా అన్నానా! అది హారనా, పిల్లి తుమ్మా?

ఆ… ఇంకోటి…

తిరిగి చూసిందా?… నీ వైపే వస్తోందా? వద్దు! గాలికి ఎదురు తెడ్డేస్తే పది నిమిషాల్లో చేతులు పడిపోతాయి. తూర్పుకి చెయ్యి ఊపు. గాలి ఎటు తోస్తే అటే పొమ్మను. బోర్డు మీద మోకాళ్ళేసి కూర్చోవాలి, నువ్వే కూర్చుని చూపించు… బురదైతే ఏం, మోకాళ్ళు కడుక్కుంటే పోతుంది. కూర్చో!

… కూర్చుందా? మళ్ళిందా?

… ఏమయ్యా.

టోబిన్! మాట్లాడు!

… అలల్లో కనబడకపోవడమేంటి? పొద్దున్న ఎర్ర టోపీ పెట్టుకుని బయల్దేరింది. టోపీ చూడు.

…

…

కనబడిందా. ఆ… చెప్తూ ఉండు, ఆపకు… ఆ…

ఇప్పుడు ట్రక్కు తియ్యి. మట్టిరోడ్డు పట్టుకుని చెక్క వంతెన దాటి ఎడమకి తిరుగు, తూర్పు ఒడ్డొస్తుంది. ఫోన్ కట్టెయ్యకు! పక్క సీట్లో పడెయ్.

… వినబడుతున్నాయి గుంటలు. మెల్లగా పోనీ… కాదు, తొందరగా. ఏదో ఒకటి, పోనీ!

… తగిలిందా ఒడ్డుకి? నిలబడిందా? తన కాళ్ళ మీదేనా?… తడి బట్టలు తీయించి దుప్పటి కప్పు. ట్రక్కులో హీటర్ పెట్టు. ఫోనివ్వు.

లొరీనా?…

ఎవరు, నేనా? ఏడవట్లేదు. మందులకి గొంతు పట్టింది. నీకసలు బుద్ధుందా? ఆ సరస్సు నీకు తెలీదూ? వాడెవడో ఫోటో చూపిస్తే నువ్వెలా…

ఏంటీ, బాగుందా? చచ్చినంత పనైతే బాగుందా!

… వాణ్ని తిట్టకూడదా? ఎందుక్కూడదు? తిడతాను, వాడి…

లొరీనా, వద్దు. వాడు వింటున్నాడు. అది వాడికి చెప్పకు. చెప్పొద్దంటున్నానా…

…

చెప్పేశావు.

… ఆ, టోబిన్. నవ్వు, నవ్వు. అవును, నా పడవే. పోస్టుకార్డు కొన్నదీ నేనే. పెళ్ళైన మూడో రోజు. మీ అత్త పడవలోనే ఉంది.

… చెట్టూ లేదు, ఉడతలూ లేవు. బోల్తా పడింది, అంతే. మీ అత్త కాలరు పట్టుకుని ఇరవై నిమిషాలు ఆ నీళ్ళలో ఉన్నాను. ఒడ్డు ఎటో తెలీలేదు. ఎవడో పుణ్యాత్ముడు ట్రక్కు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆ చప్పుడు పట్టుకుని వచ్చాం.

ఆ వారమే నోటుబుక్కు కొన్నాను. మొదటి పేజీ, మొదటి పేరు. నీ ఫోన్లో నంబర్ వన్ ఏదో, నా నోటుబుక్కులోనూ అదే.

… సరేలే. ఏడవకు, ట్రక్కు నడపాలి నువ్వు. రేపు పొద్దున్న ఆరింటికి టూ మైల్. నేనూ వస్తాను… కట్టుతోనే. రేవులో కుర్చీ వేసి కూర్చోబెట్టు, తిట్టడానికి కాలు అక్కర్లేదు.

ఇంక పెట్టెయ్.

… ఆగు. హారన్ ఒక్కసారి కొట్టు. పొట్టిగా… ఏం లేదు, ఊరికే.

…

ఆ. చాలు.