ఒక్క గంట పని

ఆ పూట ఢిల్లీ పక్కనున్న వైశాలిలో స్నిగ్ధ ఎనిమిది ఇళ్ల తలుపులు తట్టాలి, ఉద్యోగాల సర్వేలోని ప్రశ్నలన్నీ అడగాలి, చెప్పింది చెప్పినట్టు ట్యాబ్‌లో ఎక్కించాలి. ఆఖరి ఇంట్లో త్యాగరాజు అనే తెలుగాయన తగిలాడు.

"పోయిన వారం ఏమైనా పని చేశారా అంకుల్?"

"రిసెషన్ అని చెప్పి నోయిడా ఆఫీసువాళ్లు తీసేసి పద్నాలుగు నెలలైందమ్మా. ఉద్యోగం లేదని రాసుకో."

"డబ్బులొచ్చే పని, ఒక్క గంటైనా?"

"మంగళవారం పక్క ఫ్లాట్ దీదీ కూతురికి గంటసేపు లెక్కలు చెప్పా. రెండొందలిచ్చింది."

స్నిగ్ధ వేలు ఆగిపోయింది.

"అయితే మీరు పనిలో ఉన్నట్టే అంకుల్."

"అచ్ఛా! పదహారేళ్ల ఉద్యోగం పోతే గంటలో తెచ్చిపెట్టావే! లోపలికెళ్లి మా ఆవిడకు కూడా చెప్పు, సంతోషిస్తుంది."

"వారంలో ఒక్క గంట డబ్బులకు పనిచేసినా పని ఉన్నట్టే లెక్క, అది రూలు అంకుల్. నా చేతిలో ఏం లేదు."

"ఆ దీదీ మాట ఎత్తకుండా ఉండాల్సింది. పోనీ, చెరిపెయ్యమ్మా. నా ఉద్యోగం పోయిందని కనీసం మీ లెక్కలోనైనా ఉండనీ."

"మీరు నిజమే చెప్పారు కదా అంకుల్."

స్నిగ్ధ తల వంచుకుని, నొక్కాల్సిన గడే నొక్కింది.

ఉద్యోగాలు మళ్లీ పెరిగాయని ఎప్పుడైనా పేపర్లో చదివితే, ఆ పెరిగినవాటిలో ఒకటి త్యాగరాజుగారిదని దయచేసి గుర్తుపెట్టుకోండి.