మా బావ మిషను చప్పుడు

ఏదీ, ఆ ఫోను ఇటు పెట్టు. ఉండుండు, కళ్ళజోడు... ఆఁ, ఇప్పుడు కనపడుతోంది. మూడు బొమ్మలు పంపాడా కొట్టువాడు? గడ్డి మిషను రాడ్డు చివర తిరిగే హెడ్డు ఏది మంచిది తాతయ్యా అంటే ఏం చెప్పను తల్లీ, నలభై ఏళ్ళు గడ్డి మిషన్ల సామాన్లమ్మాను, ఎవరడిగినా ఒకటే మాట, ముందు మీ మిషను రాడ్డుకి మర ఎటు తిరుగుతుందో చూసుకు రండి, కాలు కొలవకుండా చెప్పులు కొంటారా అనేవాణ్ణి. సరే, ఈ మొదటిదుందే, ఇది నైలాన్ దారం ముక్కలు దూర్చుకునేది, గిర్రున తిరిగి గడ్డి కోసేది ఆ దారమేగా. మొండిది, రాళ్ళలోనూ పనిచేస్తుంది. కాకపోతే ముక్క తెగినప్పుడల్లా మిషనాపి, వంగి, మళ్ళీ దూర్చుకోవాలి. రెండోది మిషను తిరుగుతుండగానే నేలకి తడితే, అరిగినంత మేర కొత్త దారం వదిలేది. మూడోది ఆటోమేటిక్. తట్టక్కర్లేదు, వంగక్కర్లేదు, దానంతటదే... దీన్ని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుందమ్మాయ్. ఎందుకంటే, మా బావ. మా అక్క మొగుడు. నువ్వెక్కడ చూశావులే, మీ అమ్మ బడికెళ్ళే రోజుల్లోనే పోయాడు.

మా బావ నీళ్ళ ఆఫీసులో గడ్డి కోసేవాడు. ఊరందరికీ తాగునీళ్ళు పంపే చోటు, చెరువులంతేసి ట్యాంకులు, వాటి చుట్టూ పచ్చటి కట్టలు. తాగే నీళ్ళు కదా, గడ్డికి మందు కొట్టకూడదు, కోయాల్సిందే. ఈ చివర కోసుకుంటూ ఆ చివరికి వెళ్ళేసరికి ఇక్కడ మళ్ళీ మొలిచేది. అక్కడే గోడ వారగా క్వార్టర్సు. ఒక గది, వంటిల్లు, కట్టవైపు ఒక కిటికీ. ఆ కిటికీ కింద మా అక్క మంచం. దానికి ముందు చూపు పోయింది, తర్వాత కాళ్ళు పోయాయి, నోరు మాత్రం చెక్కుచెదర్లేదు. బావేమో నోట్లో నాలుక లేని మనిషి. "కాఫీ చల్లారింది" అని అక్కంటే "ఊఁ" అనేవాడు, "ఇల్లు కాలిపోతోంది" అన్నా "ఊఁ" అనేవాడు. నేను మధ్యాహ్నాలు అన్నం క్యారియరు పట్టుకెళ్ళి కాసేపు కూర్చునేవాణ్ణి. ఏం చెప్పను, ఆ గదిలో కూర్చుంటే పడవలో కూర్చున్నట్టుండేది. కోసిన గడ్డి వాసన, కిటికీ ఊచల మీద సన్నటి పచ్చ పొడి, దూరంగా మిషన్ల రొద దగ్గరికొచ్చి మళ్ళీ దూరమైపోయేది. మాట్లాడుతూ మాట్లాడుతూ మా అక్క ఆగిపోయేది. ఏంటే అంటే, ఏం లేదురా అనేది. నిద్రొస్తోందేమో అనుకునేవాణ్ణి, తెలివితక్కువ వెధవని.

బావకి నడుం నొప్పి. ఆ రెండో రకం హెడ్డుని నేలకి తట్టీ తట్టీ భుజం కూడా పట్టేసింది. నేనూరుకోవచ్చుగా? తగుదునమ్మా అని కొత్తగా వచ్చిన ఆటోమేటిక్ హెడ్డొకటి తీసుకెళ్ళి నా చేత్తో బిగించిచ్చాను. "చూడు బావా, రాజులా నడుచుకుంటూ పోవడమే!" అన్నాను. ఆయన "ఊఁ" అన్నాడు, కానీ మొహం వెలిగింది. రెండు రోజులు బానే ఉంది. మూడోరోజు పొద్దున పదకొండుకి నా కొట్టుకొచ్చాడమ్మా, తలనిండా గడ్డి, చొక్కా మీద నెత్తురు. హెడ్డు తీసి బల్ల మీద పెట్టాడు. నాకు కొట్టువాడి బుద్ధి ఎక్కడికి పోతుంది, "పాడైందా బావా? మార్చిస్తాలే" అన్నాను. "ఇది బానే ఉందిరా. మాకే పనికిరాదు, ఎందుకో మీ అక్క పాతదే పెట్టమంటోంది" అన్నాడు. ఆ నెత్తురు మా అక్కది, దాన్ని ఆసుపత్రిలో దింపి వచ్చాడు. మంచం దిగబోయి పడింది, నుదురు చిట్లింది. కాళ్ళు పడిపోయిన మనిషి, గడప దాకా పాక్కుంటూ వెళ్ళింది.

కుట్లు వేయించి తీసుకొచ్చాక నేను కేకలేశాను దాన్ని, బుద్ధుందా నీకు అని. అది నా మీద లేచింది. "నీ కొత్త హెడ్డు మూగదిరా! అక్కడ మిషన్లు మూడున్నాయి, మోత అందరిదీ ఒకటే. ఆయన తట్టడం మాత్రం ఆయనదే. రెండు సార్లు మెల్లగా తడతాడు, తలుపు కొట్టడానికి మొహమాటపడ్డట్టు. పంపుగది దగ్గర గట్టిగా వినపడుతుంది, కట్ట మీద మెత్తగా. అది వింటే ఎక్కడున్నాడో నాకు తెలుస్తుంది. రెండ్రోజుల్నుంచీ ఒక్కసారన్నా తట్టలేదు. సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఓర్చుకున్నా, ఇవాళ ఆగలేకపోయాను. పోయిన నెల గుండె పట్టుకుని కూలబడ్డ మనిషి, ఏ కట్ట మీద పడున్నాడో అనుకోనా?" అంది. బావ గుమ్మంలో నిలబడి విన్నాడు. పదిహేనేళ్ళుగా అది తన చప్పుడు వింటోందని ఆయనకీ తెలీదమ్మాయ్.

అక్కణ్ణుంచి చూడాలి! పాత హెడ్డు పెట్టించుకుని, అవసరమున్నా లేకపోయినా తట్టేవాడు. తట్టినప్పుడల్లా దారం బయటికొస్తుందా, ఎక్కువైంది మిషను మూతకుండే చిన్న కత్తికి తగిలి తెగిపోతుందా, కట్టల నిండా దారం ముక్కలే. సూపర్‌వైజరు "ఏమయ్యా, దారం పచ్చడి చేసుకు తింటున్నావా?" అని అరిచేవాడు. ఆయనేం చెబుతాడు? నేనే కొట్లో మిగిలిన దారం చుట్టలు సంచిలో వేసి ఇచ్చేవాణ్ణి. నాలుగేళ్ళు అలా గడిచాయి. కలలోలాగే గడిచాయి, అబద్ధమెందుకు. మధ్యాహ్నం మేం కబుర్లాడుకుంటుంటే బయట్నుంచి టప్ టప్. అక్క మాటాపి నవ్వుకునేది.

తర్వాత బావ పోయాడు. జ్వరం, నాలుగే రోజులు. గది ఖాళీ చేయమని ఆఫీసువాళ్ళు తొందరపెట్టలేదు. అందరూ అక్క ముందు పోతుందనుకున్నారు. అది గట్టిగా ఏడవలేదమ్మాయ్, ఏడిస్తే బాగుండేది. పొద్దున్నే కిటికీవైపు తిరిగేది, సాయంత్రం దాకా అలాగే. తినదు, నిద్రపోదు. "అక్కా, ఆయన లేడే" అంటే, "నాకు తెలీదట్రా, ఈ చెవులకి ఎవరు చెబుతారు?" అంది.

నేనేం చేశాననుకున్నావ్? కొట్టు మూసేసి, బావ మిషను భుజానికేసుకుని కట్టెక్కాను. హెడ్లమ్మడమే గానీ, అప్పటిదాకా గడ్డిపరక కోసిన పాపాన పోలేదు. రాళ్ళెగిరొచ్చి కాళ్ళకి తగిలాయి, కట్ట మీద గడ్డిని గుండు గీసినట్టు గీసేశాను. పక్కన కోసేవాళ్ళు నవ్వారు. నవ్వనీ. కిటికీ ముందుకొచ్చి, బావలాగే రెండు సార్లు మెల్లగా తట్టాను. ఇంకొంచెం పక్కకెళ్ళి మళ్ళీ తట్టాను. అలా గంటసేపు కోసి, చెమటలు కక్కుకుంటూ లోపలికొచ్చాను, దాన్ని భలే మాయ చేశాను కదా అనుకుంటూ. అక్క మొహం కిటికీవైపే ఉంది. "ఒరేయ్ తమ్ముడూ, మీ బావ అంత గట్టిగా తట్టడురా" అంది. తెలిసిపోయిందా అక్కా అన్నాను. "మొదటిసారికే తెలిసింది" అంది. నా చెయ్యి తడుముకుని పట్టుకుని, "రేపు కూడా వస్తావా?" అంది.

...

వెళ్ళానా అంటావేంటి, పిచ్చిపిల్లా. ఏడాదిన్నర, అది ఉన్నన్నాళ్ళూ...

సరే, లే, లే. వానొచ్చేలా ఉంది, నీ గడ్డి మిషను బయట పెట్టొచ్చినట్టున్నావ్.