గోడ అవతలి పంపు

పొడులు పరీక్షించే గది. గాజు గొట్టం నిండా పిండిలాంటి మెత్తటి పొడి, అడుగున చిల్లుల ప్లేటు, దాని కింద గాలి. ముందు ఇద్దరు ఇంజనీర్లు, అక్కా తమ్ముడూ.

"అక్కా, గాలి పూర్తిగా తెరిచాను. అయినా పొడి కదలట్లేదే!"

"గాలి ఓ కన్నం చేసుకుని ఎంచక్కా పైకి పోతోంది. పొడేమో అలిగిన అల్లుడిలా కూర్చుంది."

"పోయినవారం నీళ్లలా మరిగింది కదే. నువ్వూ చూశావు."

"చూశాను. అదంతా నీ కొత్త ప్లేటు గొప్పేనని నువ్వు చాటింపు వేయడమూ విన్నాను. ఇంకాసేపట్లో పెద్దసారు అతిథుల్ని తీసుకొస్తున్నారటగా?"

"ఏడిపించకే. అదే పొడి, అదే ప్లేటు, అదే గాలి. ఏం మారింది?"

"గోడ అవతల నీళ్ల పంపు వినిపిస్తోందా?"

"లేదు. నిన్న బాగుచేశారుగా. అంతకుముందు గడగడలాడుతూ ఈ గొట్టం నిలబెట్టిన స్టాండుని కూడా వణికించేది."

"ఆ వణుకుకే పొడి ఉండలు విడిపోయేవి, గాలి సందుల్లోకి దూరేది. నీ ప్లేటు ఊరికే కింద కూర్చుని పేరు కొట్టేసింది."

"అయ్యో! ఇన్నాళ్లూ లేనిది, ఇప్పుడే ఎందుకు బాగుచేశారు?"

"ఎవరో మేధావి, ఆ గోలలో తన బుర్ర పనిచేయట్లేదని పెద్దసారు ప్రాణం తీశాడట."

"... నేనే కదే."

"ఇప్పుడు గోల లేదుగా, నాయనా. పనిచేయించు ఆ బుర్రని."